ఒంటిగుండు వేట



అమీరుపేట, పంజగుట్ట అను పేర్లు వినగానే నేడు మీ మనస్సున మెదలునవి రెండు మెట్రో రైలు మార్గములు కలియు కూడలి, అంగళ్ల వరుసలు, శిక్షణాలయముల పలకలు, పగలనక రాత్రియనక తెగని బండ్ల రొద. ఆ పేర్లనే కొంచెము నిదానించి పలికి చూడుడు. ఒకటి పేట, రెండవది గుట్ట. పేట యనగా ఒక ప్రభువు నిలిపిన జనవాసము. గుట్ట యనగా రాయియు ముల్లును ఏలుచుండిన తావు. ఈ రెండు పేర్ల నడుమ ఊరికిని అడవికిని గల పాత పొలిమేర దాగియున్నది. ఆ పొలిమేర దాటి వేటకు పోయినవారి చేతి తుపాకిని గూర్చి, అందును దుప్పిని దగ్గఱి నుండి ఒకే గుండుతో కొట్టు పద్ధతిని గూర్చి, నేడు మీతో ముచ్చటింపదలచితిని.

వేట నిషిద్ధమైన కాలమున వేటతుపాకి మాట యెందులకని మీరడుగవచ్చును. నా సమాధానము రెండు విధములు. మొదటిది, ఈ ఒంటిగుండు మన దేశశాసనములో 1972 మొదలు 1991 వఱకు పేరుతో నిలిచియుండెను. శాసనమున కెక్కిన వస్తువు చరిత్రకు తగనిది కాజాలదు. రెండవది, చంపుట యను పనిలో సైతము మనుష్యుడు తనకు తాను ఎట్టి హద్దులు గీచుకొనెనో, ఆ హద్దులు ఎందులకు చాలకపోయెనో తెలియుటకు ఇంతకంటె తగిన ఉదాహరణము నాకు కానరాదు.

ముందు స్థలమును చూతము. గోడలు గల పాత హైదరాబాదు నగరము మూసీనదికి దక్షిణమున ఉండెను. నేటి అమీరుపేట, పంజగుట్టలు నదికి ఉత్తరపు దిక్కున, నగరద్వారములకు కొన్ని మైళ్ల దూరమున ఉండిన పొలములు, తోటలు, గుట్టలు. నిజాముల కొఱకు సైన్యమును పోషించిన పాయిగా వంశపు అమీరులకు ఈ ప్రాంతముతో సంబంధము కలదు. ఆ వంశమున ఫక్రుద్దీను ఖానుడు, రెండవ షమ్సుల్ ఉమ్రా యని ప్రసిద్ధుడు, రెండవ నిజాము కుమార్తె బషీరున్నీసా బేగమును పెండ్లాడెను. బేగముపేటకు ఆ రాకుమారి వలనను, అమీరుపేటకు ఆ వంశపు 'అమీరె కబీరు' అను బిరుదము వలనను పేర్లు కలిగినవని చెప్పుదురు. పంజగుట్ట నుండి ఖైరతాబాదునకు పోవు దారిలో ఒక మిట్టపై నవాబు ఫక్రుల్ ముల్కు 19వ శతాబ్దిలో ఒక గొప్ప సౌధమును కట్టించెను. పారసీకమున ఇరము అనగా స్వర్గోద్యానము. ఆ పేరు పెట్టిన భవనము తెలుగువారి నోట ఎఱ్ఱమంజిల్ అయి, ఎఱ్ఱమట్టి గుట్టకు తగినట్లు అమరినది. 2019లో దానిని పడగొట్టి శాసనసభకు కొత్త భవనము కట్టదలచగా, ఉన్నత న్యాయస్థానము అడ్డుపడినందున అది నేటికిని నిలిచియున్నది.

ఆ మేడ మిద్దెనెక్కి పడమటికి చూచినవారికి ఆ దినములలో కనబడినవి ఇండ్లు కావు. ఒకదానిపై నొకటి పేర్చినట్లున్న బండలు, సీతాఫలపు పొదలు, తుమ్మలు. మెహదీ నవాజు జంగు అను అధికారి 20వ శతాబ్ది తొలిభాగమున అచ్చట ఇల్లు కట్టి, ఆ తావున నివసించుచుండిన బంజారాల పేరు దానికి పెట్టకముందు, నేటి బంజారాహిల్సు పలుచని అడవి. ప్రభువర్గమువారు వేటకు పోవుచుండిన అడవి.

హైదరాబాదు వేటయనగానే లోకులు ఆఱవ నిజాము మహబూబు అలీ ఖానుని, పులులను తలతురు. 1869 నుండి 1911 వఱకు ఏలిన ఆ ప్రభువు గుఱిలో పేరుపొందినవాడు. రాజా దీనదయాళు తీసిన ఛాయాచిత్రములలో పడిన పులియు, చుట్టు నిలిచిన దొరలును నేటికిని మనకు కనబడుదురు. 1893లో ఆస్ట్రియా రాకుమారుడు ఫ్రాంజు ఫెర్డినాండు, 1902లో రాజప్రతినిధి కర్జను ప్రభువు ఈ రాజ్యమున వేటాడి పోయిరి. అట్టి వేటలు పటములకెక్కినవి. పటములకెక్కని వేట మఱియొకటి కలదు. అది జింకవేట. పులి కొఱకు విలువైన రైఫిలు, ఏనుగులు, వందల మంది తోలువారు కావలెను. జింకకు ఒక తుపాకి, ఇద్దఱు మనుష్యులు చాలుదురు. కావున పులివేట రాజులదైనను, జింకవేట జాగీరుదారు మొదలు గ్రామపు పటేలు వఱకు అందఱిది. అడవిని ఖాళీచేసినది ఏది యని విచారించువారు పటములోని పులిని కాక, పటమునకెక్కని ఈ దుప్పిని లెక్కింపవలెను.

వేటను గూర్చి మన పెద్దలు ఏమనిరి? మనువు రాజునకు కామము వలన పుట్టు పది వ్యసనములను చెప్పుచు మృగయను మొదట నిలిపెను. కాళిదాసుని శాకుంతలమున సేనాపతి వేట వలన శరీరము తేలికయగుననియు, మృగముల మనోభావములు తెలియుననియు మెచ్చుకొనును. ఆ నాటకముననే మొదటి అంకమున లేడిని తరుముకొని వచ్చిన దుష్యంతుని, అది ఆశ్రమమృగము, చంపరాదని తాపసులు ఆపుదురు. మెచ్చుకోలును ఆపుటయు ఒకే కావ్యమున నున్నవి. మహాభారతమున పాండురాజు లేడిజంటను కొట్టి శాపము పొందెను. రామాయణమున దశరథుడు చీకటిలో నీటిచప్పుడు విని, ఏనుగని తలచి, శబ్దవేధి బాణము విడిచి మునికుమారుని చంపెను. ఈ కథలన్నిటిలోను ప్రశ్న ఒక్కటియే. కొట్టువాడు తాను కొట్టుచున్నది ఏదో, ఎవరిదో, ఎట్టి స్థితిలో నున్నదో ఎఱిగి కొట్టెనా?

విలుకానికి ఈ ఎఱుక సహజముగా కలుగవలసియుండెను. ఏలయన బాణము పనిచేయు దూరము చిన్నది. మృగమునకు తన వాసన తగులకుండ ఎదురుగాలిని పోవలెను. ఆకు చప్పుడు కాకుండ అడుగు వేయవలెను. దాని చెవి కదలుట కనబడునంత దగ్గఱకు చేరవలెను. నల్లమలలోని చెంచులు విల్లంబులతో నడపిన వేట అట్టిది.

తుపాకి వచ్చి ఈ దూరమును చెఱిపెను. దక్కనున మొదట వచ్చినది వత్తితుపాకి. పొడవైన నున్నని ఇనుపగొట్టము, వెనుక మందు, నిప్పంటించుటకు వత్తి. మూతి నుండి మందుపోసి, గుడ్డపేలిక కూరి, గుండు వేసి, మఱల పేలిక కూరి, గజముతో దట్టించి, వత్తి ముట్టింపవలెను. ఫ్రెంచి సేనాని రేమాండు 1795లో హైదరాబాదున ఫిరంగులు పోత పోయు కార్ఖానా నెలకొల్పెను. గన్‌ఫౌండ్రీ యను పేట పేరు నేటికిని దాని జ్ఞాపకము. అది సైన్యమునకు. పల్లెవేటకానికి కార్ఖానా లేదు. వాడు సీసపు కడ్డీని ముక్కలుగా నఱికి, రాతిపై దొరలించి, అట్టి మొరటు ముక్కలనే గొట్టములో వేసెడివాడు. ఆంగ్లమున స్లగ్గు అనునది మొదట ఇట్టి మొరటు సీసపుముక్కకే పేరు. తరువాతి కాలమున కార్ఖానాలలో తీర్చిదిద్దిన ఒంటిగుండునకు ఆ పేరే నిలిచినది.

19వ శతాబ్ది ఉత్తరార్ధమున వెనుక నుండి తూటా పెట్టు తుపాకులు వ్యాపించినవి. వానిలో మనదేశమున ఎక్కువగా వాడుకకు వచ్చినది పండ్రెండు బోరు తుపాకి. ఈ పండ్రెండు ఏమిటని చాలమంది అడుగుదురు. ఒక పౌను సీసమును సరిసమానముగ 12 గుండ్లు చేసినచో, అందొక గుండు పట్టునంత వెడల్పు గల గొట్టమే పండ్రెండు బోరు. ఆ వెడల్పు సుమారు 18½ మిల్లీమీటర్లు. అనగా తుపాకి పేరే ఒంటిగుండు లెక్కను బట్టి పుట్టినది. ఛర్రాలు చల్లుటకు మనము వాడు తుపాకి తన పేరులో ఒంటిగుండును దాచుకొనియున్నది.

ఛర్రా యనగా చిన్న సీసపు పూసలు. పిట్టలకు వాడు 6వ నంబరు ఛర్రా ఔన్సుకు సుమారు 270 తూగును. జింకకు అది చాలదు. కావున పెద్ద ఛర్రాలు తయారైనవి. తుపాకి పట్టిన పల్లెవారికి కూడ తెలిసిన పేర్లవి: ఎల్.జి., ఎస్.జి. ఎల్.జి. ఔన్సుకు 6, ఎస్.జి. ఔన్సుకు 8. పండ్రెండు బోరు తూటాలో ఔన్సుంబావు సీసము పట్టునని తలచినను, ఎల్.జి. తూటాలో ఉండునవి ఏడెనిమిది పూసలే. బడిపంతులు లెక్క యొకటి చెప్పెదను, వినుడు. మూతి బిగువు లేని గొట్టము నుండి వెడలిన ఛర్రాలలో 40 గజముల దూరమున 30 అంగుళముల వలయములో పడునవి నూటికి 40 వంతులు. ఎనిమిదింటికి ఎన్ని? మూడు. దుప్పి గుండె, ఊపిరితిత్తులు ఉండు చోటు ఆ వలయములో చిన్న భాగము మాత్రమే. మూడు పూసలలో ఒకటి కడుపున, ఒకటి తొడను, ఒకటి గాలిలో. దుప్పి పడదు, పరుగెత్తును. వేటకాడు తప్పినదనుకొని ఇంటికి పోవును. దుప్పి ఏ వాగుగట్టుననో రెండుమూడు దినములు బాధపడి చచ్చును. దూరము మఱింత పెరిగినకొలది ఈ పాపమును పెరుగును. అయినను ఛర్రా తూటా వేటకానికి ఒక దొంగధైర్యమును ఇచ్చును. ఇన్ని పూసలలో ఒకటైనను తగులకపోవునా యని దూరము నుండి మీటను లాగింపజేయును.

ఒంటిగుండు ఇట్టి ధైర్యమును ఇయ్యదు. తగిలిన తగులును, తప్పిన తప్పును. నడుమ స్థితి తక్కువ. పండ్రెండు బోరు గుండు ఔన్సు మొదలు ఔన్సున్నర దాక తూగును. దగ్గఱి నుండి భుజము వెనుక తగిలినచో దుప్పి ఎక్కువ దూరము పోజాలదు. కాని దానికొక దోషము కలదు. నున్నని గొట్టములో వదులుగా పోవు గుండ్రని గుండు అటునిటు తాకుచు పోవును. కడపటి సారి మూతివద్ద ఏ పక్కకు తాకెనో ఆ తాకుడును బట్టి దానికొక తిరుగుడు కలిగి దారి తప్పును. కావున 40, 50 గజముల లోపల నమ్మదగినది, అటుపైన నమ్మరానిది.

ఎగురు వస్తువును తిన్నగా పంపుటకు మన పిల్లలకు సైతము తెలిసిన ఉపాయములు రెండు. ఒకటి బొంగరము, రెండవది బాణము. బొంగరము తిరుగుచున్నంత కాలము నిలువుగా నిలుచును. బాణము ముందు బరువుగ, వెనుక ఈకలతో తేలికగ నుండుట చేత తిన్నగా పోవును. ఐరోపావారు ఒంటిగుండును చక్కదిద్దుటకు ఈ రెండు ఉపాయములను వాడిరి. బెంగాలు సైన్యమున పనిచేసి, 1863లో వాయవ్య సరిహద్దున అంబేలా యుద్ధమున విక్టోరియా క్రాసు పొందిన ఫాస్బెరీ అను సేనాని 1885లో బొంగరపు ఉపాయమును పట్టెను. గొట్టమంతయు నున్నగనే యుంచి, మూతికడ రెండుమూడు అంగుళములు మాత్రము మెలిగాడులు చెక్కించెను. ఛర్రా వేసిన ఛర్రా పోవును. గుండు వేసిన గుండు తిరుగుచు పోవును. లండనులోని హాలండు అండు హాలండు కంపెనీవారు దీనిని పారడాక్సు అను పేర అమ్మిరి. భారతదేశమున వేటాడు దొరలకు అది ప్రియమైన ఆయుధమాయెను. జర్మనీలో విల్‌హెల్ము బ్రెనెకె 1898లో బాణపు ఉపాయమును పట్టెను. ముందు సీసము, వెనుక దానికి బిగించిన ఉన్నిబిళ్ల. అమెరికాలో కార్లు ఫాస్టరు 1931లో వెనుక గుల్లగా నుండు సీసపుగుండును చేసెను. దాని బరువు ముందునకు చేరి అదియు బాణమువలెనే పోవును. గొట్టమునకు మెలిగాడులు అక్కఱలేకయే సామాన్యుని తుపాకి దుప్పివేటకు పనికివచ్చెను.

అమెరికాలో జనులు దట్టముగా నుండు కొన్ని రాష్ట్రములలో దుప్పివేటకు రైఫిలును కాదని ఒంటిగుండు తుపాకినే చాలకాలము విధించిరి. ఏలయన రైఫిలుగుండు మైలునకు మించి పోగలదు. ఈ మొద్దుగుండు వేగము త్వరగా కోల్పోయి నేల కూలును. ఊరి పక్కన వేటకు దగ్గఱి ఆయుధమే తగినదని వారి యాలోచన. మన దక్కను బండల నేలలో మాత్రము ఈ వాదమున కొక మినహాయింపు చెప్పుకొనవలెను. రాతికి తగిలిన గుండు ఏ దిక్కునకు మఱలునో చెప్పరాదు.

ఇక మన సీమలో ఇది ఎట్లు నడచెనో చెప్పెదను. మైదానపు మృగమైన ఇఱ్ఱి, అనగా కృష్ణజింక, మనుష్యుని దగ్గఱకు రానీయదు. దానికి రైఫిలో, పెంచిన చిరుతయో కావలసియుండెను. పొదలలో తిరుగు దుప్పి, కొండవాలున పండుకొను కణుజు దగ్గఱి వేటకు చిక్కునవి. తోలువారు అడవికి ఒక వైపున అఱచుచు కదలుదురు. తుపాకి పట్టినవాడు ఎదుటి వైపున మాటున కూర్చుండును. మృగము నడచి వచ్చు బాట ముప్పది, నలువది గజములలో ఉండునట్లు చోటు ఏర్పఱచుకొనును. రెండు గొట్టముల తుపాకి గలవారు తఱచుగా ఒక గొట్టమున ఛర్రాయు రెండవ గొట్టమున గుండును ఉంచుకొనెడివారు. మూతి బిగువు ఎక్కువగా నున్న గొట్టమున కొలతకు మించిన గుండు వేసినచో గొట్టము పగిలి చేయి పోవును. కావున ఏ గొట్టమున ఏది వేయవలెనో మొదట నేర్చుకొనవలసిన పాఠము.

మా స్వగ్రామము మెదకు ప్రాంతమున కలదు. 1960 దశకము చివర, నేను బాలుడనై యుండగా, మా తాతగారు సాయంకాలములందు రామాయణము పురాణము చెప్పెడివారు. లైసెన్సు తుపాకి గల మా ఊరి పటేలు నిత్యము వచ్చి అరుగు చివర కూర్చుండి వినెడివాడు. పంటకు కావలి యని తీసికొన్న తుపాకి అది. దుప్పిమాంసమును తెచ్చెడిది కూడ అదియే. దశరథుని శబ్దవేధి కథ చెప్పిన నాటి రాత్రి అతడు లేచి చేతులు జోడించి, "అయ్యగారూ, రాజు కొట్టుడు తప్పు గాదు. సూడకుండ కొట్టుడు తప్పు. మేము గూడ ఛర్రా ఏసినప్పుడు గదే చేస్తం. ఒక్క గుండు ఏసినోడు సూసి కొడతడు" అనెను. మా తాతగారు కొంచెము సేపు ఊరకుండి, "పటేలా, చూచి కొట్టినా తప్పే. చూడక కొడితే రెండు తప్పులు" అనిరి. పటేలు నవ్వలేదు. మఱునాడు ఎప్పటివలెనే పురాణమునకు వచ్చెను. తుపాకిని మానెనని నేను చెప్పజాలను, మానలేదు. కాని ఆ రెండు తప్పుల మాట మా ఊరిలో చాలకాలము నానినది. తరువాతి చరిత్ర చదువుచున్నప్పుడు, మన శాసనములు ఆ రెండు తప్పులను ఒకదాని వెనుక నొకటిగా దిద్దిన తీరు చూచి నాకు ఆశ్చర్యము కలిగెను.

రెండవ ప్రపంచయుద్ధము ముగియుసరికి మన అడవులకు ఒక కొత్త వేటకాడు వచ్చెను. అతడు నడువడు, జీపు నెక్కును. మాటున కూర్చుండడు, రాత్రివేళ కన్ను చెదరు దీపము వేయును. వెలుగునకు కన్ను మిఱుమిట్లు గొలిపి దుప్పి కదలక నిలుచును. దగ్గఱకు చేరు శ్రమ పోయెను, దగ్గఱితనము వలన కలుగు ఎఱుకయు పోయెను. 1948లో హైదరాబాదు భారతదేశమున కలిసెను. 1949లో జాగీరులు రద్దయ్యెను. ప్రజలకు అది విమోచనము, అందు సందేహము లేదు. అయినను ప్రభువుల వేటపట్టులకు ఉండిన కావలి తొలగుటయు, జీపులు దీపములు పెరుగుటయు ఒకే కాలమున జరిగెను. పోచారము, పాకాల అడవులను 1952లో అభయారణ్యములుగా ప్రకటించిరి. అభయమను మాట శాసనమున చేరుట శుభమే. కాని అభయారణ్యమునకు వెలుపలి మృగమునకు అభయము లేకుండెను. పంజగుట్టకు పడమటనున్న బండలపై ఇండ్లు లేచినవి.

1972లో పార్లమెంటు వన్యప్రాణి సంరక్షణ చట్టమును చేసెను. ఆ చట్టపు తొలిరూపము వేటను పూర్తిగా మాన్పలేదు, లైసెన్సునకు లోబఱచెను. దుప్పి, కణుజు మున్నగునవి అందు పెద్దవేట జంతువుల పట్టికలో ఉండెను. దాని 17వ విభాగము వేటకానికి చేయరాని పనులను వరుసగా చెప్పెను. బండి నుండి కొట్టరాదు. రాత్రివేళ కొట్టరాదు. దీపము వేసి కొట్టరాదు. నీటిరేవుకడ, ఉప్పునేలకడ కాచి కొట్టరాదు. 15వ విభాగము పిల్లలను, ఆడువానిని, కొమ్ములు ఇంకను నూగుతోలు విడువని మగదుప్పిని విశేషానుమతి లేక చంపరాదనెను. పెద్దవేట జంతువును రైఫిలుతో తప్ప కొట్టరాదని 17వ విభాగమే చెప్పి, ఒక్క మినహాయింపును తగిలించెను: లైసెన్సులో విశేషముగా అనుమతించినచో ఛర్రా తుపాకిలో ఒంటిగుండు వేసి కొట్టవచ్చును. ఎల్.జి.కి చోటు లేదు, ఎస్.జి.కి చోటు లేదు. పటేలు అరుగుమీద చెప్పిన మాటయే పార్లమెంటు చెప్పినది. కొట్టువాడు చూచి కొట్టవలెను.

నాబోటి పాతచదువు వారికి ఇట్టి వాక్యములు పరిచితములు. వ్యాకరణమున ఉత్సర్గము, అపవాదము అందుము. సామాన్యవిధి రైఫిలు, అపవాదము ఒంటిగుండు. మీమాంసకులు ఇంకను లోతునకు పోయి పరిసంఖ్య అను విధిని చెప్పుదురు. అయిదు గోళ్లు గల జంతువులలో అయిదు మాత్రము భక్ష్యములని ధర్మశాస్త్రము చెప్పినప్పుడు, అది తినుమను ఆజ్ఞ కాదు. తినువాని ఆకలి ఎట్లును ఉన్నది. తక్కినవానిని తినవద్దనుటయే ఆ వాక్యపు తాత్పర్యము. రూపము అనుమతి, ప్రాణము నిషేధము. 1972 నాటి 17వ విభాగము సరిగా పరిసంఖ్యయే. ఒంటిగుండుతో కొట్టుమని అది ఎవనికిని చెప్పలేదు. కొట్టక మానని వానితో, అట్లయినను ఈ విధముననే యని చెప్పినది.

పరిసంఖ్యకు ఒక చిక్కు కలదు. వినువానికి రూపము వినబడునుగాని ప్రాణము వినబడదు. అనుమతించిరి గదా యనునదే చెవికెక్కును. లైసెన్సు చేతనున్నవాడు అడవి లోపల ఏమి వేసెనో, పగటిపూట వేసెనో రాత్రి వేసెనో, ఎవరు చూడబోయిరి? గుండు తూటా చూపి ఛర్రా తూటా పేల్చుటకు అడ్డమేమి? ఒక్కని ఎఱుక మీద ఆధారపడిన హద్దు వందమంది చేతిలో నిలువదు. 1991లో చట్టమును సవరించి 17వ విభాగమును తొలగించిరి. పట్టికలలోని మృగముల వేటను 9వ విభాగమున నిషేధించిరి. మనుష్యుల ప్రాణమునకు, పంటకు ముప్పు కలిగినప్పుడు అధికారి లిఖితపూర్వకముగా అనుమతించు దారి 11వ విభాగమున మిగిలినది. ఆ దారి వినోదము కొఱకు కాదు. మొదటి శాసనము చూడక కొట్టుట యను తప్పును దిద్దెను. రెండవది చూచి కొట్టుట యను తప్పును దిద్దెను. నడుమ పందొమ్మిది ఏండ్లు గడచెను.

దీనిని బట్టి ఒంటిగుండు వేటకాండ్రను పుణ్యాత్ములని నేను పొగడుట లేదు. వారి చేతను దుప్పులు చచ్చినవి. అయితే దయ యనునది ఒక్కసారిగా పుట్టదు. చచ్చు మృగము తక్కువ బాధతో చావవలెనన్న తలంపు ముందు పుట్టును. చావకుండనే యుండరాదా యన్న తలంపు దాని కడుపున పుట్టును. మొదటి తలంపును ఎగతాళి చేయువాడు రెండవదాని వంశమును ఎఱుగనివాడు. మొదటిదాని వద్దనే నిలిచిపోయి, దగ్గఱి నుండి కొట్టితిని గనుక నేను ధర్మాత్ముడనని మీసము దువ్వువాడు మఱొక విధమైన అజ్ఞాని. నేటికిని చాటున నాటు తుపాకి పట్టి జింకమాంసము అమ్ముకొనువారి మాటలు పత్రికలలో చదువుచునే యున్నాము. వారికి శాసనమును లేదు, గుఱియును లేదు. తగిలినది మాంసము, తప్పినది మఱచిపోయిన గాయము.

అమీరుపేట, పంజగుట్టల శ్రోతలకు ఒక మాట చెప్పి ముగించెదను. మీకు పడమట బంజారాహిల్సు, జూబిలీహిల్సుల నడుమ, నిజాము మనుమడు ముకరం జా గారి చిరాను సౌధపు ఆవరణమున, సుమారు 390 ఎకరముల బండలును పొదలును 1998లో కాసు బ్రహ్మానందరెడ్డి జాతీయోద్యానమైనవి. వనస్థలిపురముకడ నిజాముల వేటభూమిగా నుండిన చోట 1975లో మహావీరుని పేర హరిణవనస్థలి ఏర్పడినది. అచ్చట కృష్ణజింకలు మేయుచున్నవి. కృష్ణజింక ఆంధ్రప్రదేశమునకును, చుక్కల దుప్పి తెలంగాణమునకును రాష్ట్రమృగములు. పూర్వము నలువది గజములు చేరుటకు వేటకాడు ప్రాతఃకాలమంతయు పాకెను, గాలి చూచెను, ఊపిరి బిగబట్టెను. ఆ నలువది గజముల ఎడమే నేడు మీకు ఒక ప్రవేశపు చీటీతో లభించుచున్నది. పిల్లలను తీసికొని పొండు. చప్పుడు చేయకుండ నిలిచి, దుప్పి చెవి ఏ గాలికి కదలునో వారికి చూపుడు. శాకుంతలమున సేనాపతి మెచ్చుకొనిన మృగచిత్తజ్ఞానము అదియే. దానికి విల్లును అక్కఱలేదు, గుండును అక్కఱలేదు.

స్వస్తి.